తిరుగుతోంది సరే... వేడేదీ?

సర్వీసు ఇంజినీరు పోస్టయినా, ప్లాంటులో మెయింటెనెన్స్ ఉద్యోగమైనా ఇంటర్వ్యూలో అడిగే అసలు ప్రశ్న ఒకటే. ‘లోపాన్ని ఎలా పట్టుకుంటావు?’ అని. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌ను ముందు పెట్టుకుని దానికి జవాబు వెతుకుదాం.

మీరు తిరువూరులో ఉన్నారనుకోండి. ఐటీఐ ఎలక్ట్రీషియనో, డిప్లొమాలో ట్రిపుల్‌ఈనో పూర్తయింది. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ, ఈలోగా ఖాళీగా ఎందుకులే అని బస్టాండు దగ్గర తెలిసినాయన రిపేరు షాపులో కూర్చుంటున్నారు. ఫోను మోగింది.

‘‘బాబూ, మా డ్రయ్యర్ పనిచేయట్లేదయ్యా. ఒకసారి వచ్చి చూస్తావా?’’

వెంటనే సంచి భుజాన వేసుకుని బండెక్కారంటే మొదటి తప్పు చేసినట్టే. ఏ డ్రయ్యరో అడగలేదుగా!

మన ఊళ్లలో ‘డ్రయ్యర్’ అంటే నూటికి తొంభై ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లోని రెండో తొట్టే. అది వేడి చేయదు. గిరగిరా తిప్పి నీళ్లు పిండుతుంది, అంతే. అందులో కాయిల్ ఉండదు, థర్మోస్టాట్ ఉండదు. అది ఆగిపోతే చూడాల్సినవి వేరు. మూత కింద స్విచ్చు, బ్రేకు వైరు, మోటారు, కెపాసిటర్. మోటారు ‘మ్‌మ్’ అని మూలుగుతూ తిరగకపోతే, చేత్తో చిన్నగా తిప్పగానే అందుకుంటే అనుమానం కెపాసిటర్ మీదకు వెళ్లాలి. (ఈ తిప్పి చూడటాలు మూత తీసి, ప్లగ్గు పెట్టి ఉండగా చేయొద్దు. వేళ్లు పోతాయి. లక్షణం ఏంటో ఇంటావిడను అడిగినా చెబుతారు.)

రెండోది అసలు డ్రయ్యర్. వేడి గాలితో బట్టల్ని పూర్తిగా ఆరబెట్టేది. కాబట్టి ఫోనులోనే అడగాల్సిన మాట: ‘‘అమ్మా, అందులోంచి బట్టలు తడి తడిగా వస్తాయా, ఆరిపోయి వేడిగా వస్తాయా?’’ ఈ ఒక్క ప్రశ్నతో ఏ మీటరు తీసుకెళ్లాలో, ఏ విడిభాగం సంచిలో వేసుకోవాలో తేలిపోతుంది. లోపం పట్టుకోవడం మెషీను దగ్గరకు వెళ్లకముందే మొదలవుతుంది.

మనకెందుకు ఇది?

నిజమే, తిరువూరులో డ్రయ్యర్ ఎవరిక్కావాలి? మే నెలలో డాబా మీద ఆరేస్తే అరగంటలో చీర పెళపెళలాడుతుంది. ఇక్కడి మెకానిక్కులకు చేతినిండా ఉండే పని బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్లు, గీజర్లు. అయితే ఆస్పత్రి దుప్పట్లు వానాకాలం అని ఆగవు. హోటళ్లకు రోజూ ఉతికిన పక్కబట్టలు కావాలి. సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో, ఇంకా పైన హైదరాబాద్‌లో బాల్కనీలో తాడు కట్టనివ్వని అపార్ట్‌మెంట్లు పెరిగాయి. ఐఎఫ్‌బీ, బాష్, ఎల్‌జీ, శాంసంగ్ లాంటి కంపెనీలు ఇక్కడ డ్రయ్యర్లో, ఉతికి ఆరబెట్టే రెండింటి కలయిక మెషీన్లో అమ్ముతున్నాయి. ఉద్యోగం కోసం మీరు వెళ్లేది కూడా ఆ ఊళ్లకే.

ఇంకో కారణం నాకు ఎక్కువ ముఖ్యం. డ్రయ్యర్‌లో వేడి పుట్టించే దారి, మీ ఇంటి గీజర్‌లో దారి దాదాపు ఒకటే. కాయిల్, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే థర్మోస్టాట్, హద్దు దాటితే సరఫరా తెంచేసే కటౌట్. ఇస్త్రీ పెట్టెలోనూ ఇంతే. డ్రయ్యర్ చూడకపోయినా దాని తర్కాన్ని తిరువూరులోనే నేర్చుకోవచ్చు.

లోపల ఏం జరుగుతుంది?

ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి ఎర్రగా కాలిన కాయిల్ మీదుగా వెళ్లి వేడెక్కి, తిరుగుతున్న డ్రమ్ములోని తడి బట్టల గుండా పోతుంది. తేమను మోసుకుంటూ నూగు పట్టే జల్లెడ దాటి, పైపులోంచి బయటికి వెళ్లిపోతుంది. కాయిల్ తీగ నైక్రోమ్. నికెల్, క్రోమియం కలిపిన ఈ లోహానికి ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు తీసుకున్నాడు. ఎర్రగా కాలినా త్వరగా తుప్పుపట్టి రాలిపోదు. చాలా హీటర్లు దాని మీదే బతుకుతున్నాయి.

కరెంటు ఆ కాయిల్ దాకా చేరాలంటే వరసగా కొన్ని గేట్లు దాటాలి. తలుపు స్విచ్చు, టైమరు లేదా బోర్డు మీది రిలే, కాయిల్ పెట్టె మీద హై లిమిట్ థర్మోస్టాట్, ఒక్కసారి కాలితే మళ్లీ పనికిరాని థర్మల్ ఫ్యూజు. చాలా మోడళ్లలో మోటారు లోపల ఇంకో స్విచ్చు కూడా ఉంటుంది. మోటారు వేగం అందుకున్నాకే అది కలుస్తుంది. డ్రమ్ము తిరగకుండా కాయిల్ కాలితే బట్టలు మాడిపోతాయి కదా, అందుకన్నమాట. ఇవన్నీ సిరీస్‌లో ఉంటాయి. ఏ ఒక్క గేటు మూసుకున్నా కాయిల్ చల్లగానే ఉంటుంది.

ఇప్పుడు ‘డ్రమ్ము తిరుగుతోంది, వేడి రావట్లేదు’ అన్న మాటను మళ్లీ వినండి. సగం పని ఆ మాటే చేసేసింది. ప్లగ్గులో కరెంటు ఉంది, తలుపు స్విచ్చు బాగానే ఉంది, మోటారు బాగుంది. అనుమానితుల్లో సగం మంది వెళ్లిపోయారు.

ఇది మన దేశంలో మాట. టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మీ బాబాయి కొడుకు ఇదే ఫిర్యాదుతో వీడియోకాల్ చేస్తే కథ కొంచెం మారుతుంది. అక్కడ ఇళ్లలో ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు 240 వోల్టులు రెండు 120 వోల్టుల లైన్ల ద్వారా వస్తాయి. మోటారుకు ఒక లైను చాలు, కాయిల్‌కు రెండూ కావాలి. బ్రేకరులో ఒక పక్క పోతే డ్రమ్ము చక్కగా తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం ఉండదు. మెషీను విప్పే ముందు బ్రేకరు పూర్తిగా దించి మళ్లీ ఎత్తమనండి. చాలా యూట్యూబ్ వీడియోలు ఆ దేశపు మెషీన్ల మీద చేసినవే. మనకు సింగిల్ ఫేజు 230 వోల్టులు. అక్కడి సలహా ఇక్కడ అలాగే పట్టుకుంటే ఉన్న దారి కూడా తప్పుతుంది.

టెస్టర్ చెప్పే అబద్ధం

ఇంట్లోకి వెళ్లారు. మొదట మెషీను సెట్టింగు చూడండి. చల్లగాలి ప్రోగ్రాం పెట్టి, వేడి రావట్లేదని పిలిచేవాళ్లు ఉంటారు. నవ్వొద్దు. వాళ్లకు చూపించి, విజిటింగ్ ఛార్జీ ఎంత తీసుకోవాలన్నది మీ మనస్సాక్షికి వదిలేయండి.

తర్వాత వోల్టేజీ. ఇక్కడ ఫిజిక్స్ పుస్తకం అక్కరకొస్తుంది. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీకి కాదు, వోల్టేజీ వర్గానికి అనులోమం. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే కాయిల్‌కు సాయంత్రం లోడు సమయంలో 180 వోల్టులే అందితే వచ్చేది దాదాపు 1225 వాట్లు. వోల్టేజీ ఐదో వంతుకు కాస్త ఎక్కువ పడింది, వేడి మాత్రం దాదాపు 40 శాతం పోయింది. మెషీను బాగానే ఉంది, బట్టలు ఆరవు. మధ్యాహ్నం చూసి ‘బానే ఉందండీ’ అని వచ్చేస్తే సాయంత్రం మళ్లీ ఫోను వస్తుంది. ఎప్పుడు ఆరట్లేదో అడగటం అందుకే.

వోల్టేజీ కొలవడానికి మల్టీమీటర్ వాడండి. టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను నమ్ముకోవద్దు. టెస్టర్‌లో దీపం వెలిగితే ఫేజు ఉందని మాత్రమే తెలుస్తుంది. న్యూట్రల్ ఎక్కడో తెగిపోయిందనుకోండి, కాయిల్ ఈ కొసన వెలుగుతుంది, ఆ కొసనా వెలుగుతుంది. ‘రెండు వైపులా కరెంటు ఉంది, అయినా కాయిల్ కాలట్లేదు, కాయిల్ పోయింది’ అని మార్చేసినవాళ్లను చూశాం. కొత్త కాయిలూ చల్లగానే ఉంటుంది. కరెంటు ప్రవహించాలంటే వెళ్లడానికే కాదు, తిరిగి రావడానికీ దారుండాలి. ఈ ఒక్క విషయాన్ని బొమ్మ గీసి వివరించగలిగితే బీటెక్ ఇంటర్వ్యూలో కూడా మీ మీద గురి కుదురుతుంది. విచిత్రమేంటంటే, చాలామందికి ఫార్ములా వచ్చు గానీ టెస్టర్ ఎందుకు వెలిగిందో చెప్పలేరు.

మీటరు పట్టాక

ఇప్పుడు ప్లగ్గు పీకేయండి. స్విచ్చు ఆపడం కాదు, ప్లగ్గు పీకడం. పాత ఇళ్లలో స్విచ్చు న్యూట్రల్ మీద ఉండే అవకాశం ఉంది. అప్పుడు స్విచ్చు ఆపినా ఫేజు లోపలే ఉంటుంది.

మెషీను వెనక మూత తీశాక ముందు కళ్లతో చూడండి. లగ్గు నల్లబడిందా, వైరు తొడుగు కరిగిందా, కాలిన వాసన ఉందా? లూజు కాంటాక్టు వేడెక్కి కాలిపోవడం హీటర్లలో మామూలే. అది కనిపిస్తే మీటరు తీయక్కర్లేకుండానే దొంగ దొరికినట్టు.

కాయిల్ కొలిచేటప్పుడు కనీసం ఒక వైరు విప్పాలి. లేకపోతే ఇంకో దారిలోంచి తిరిగొచ్చే కరెంటు మీటరుకు తప్పుడు అంకె చూపిస్తుంది. ఎంత రావాలి? వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగించండి. 230 వోల్టులు, 2000 వాట్లయితే 26 ఓములు చిల్లర. 3000 వాట్ల గీజరయితే 17.6. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెకు 53 దగ్గర. మెషీను వెనక అంటించిన ప్లేటు మీద వాట్లు రాసి ఉంటాయి, అక్కడే లెక్క కట్టుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు కాస్త తక్కువ చూపించొచ్చు, ఫరవాలేదు. మీటరు అంతం లేని నిరోధం చూపిస్తే కాయిల్ తెగింది. ఆ తర్వాత ఒక మీటరు కొన కాయిల్‌కు, ఇంకోటి మెషీను బాడీకి పెట్టండి. అక్కడ కంటిన్యుటీ అసలు రాకూడదు. వస్తే కాయిల్ బాడీకి తగులుతోందని అర్థం. అది వేడి సమస్య కాదు, షాకు సమస్య. ఎర్త్ సరిగా లేని ఇంట్లో అది ప్రాణం తీస్తుంది.

కాయిల్ బాగుంటే థర్మోస్టాట్లు, ఫ్యూజు. గది వేడిలో ఇవన్నీ కలిసే ఉండాలి, బీప్ రావాలి. కొత్త మోడళ్లలో థర్మోస్టాట్ బదులు థర్మిస్టర్ ఉంటుంది. దానికి బీప్ చూడకూడదు, ఓములు చూడాలి. గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెడితే అంకె మెల్లగా తగ్గుతూ రావాలి. కదలకుండా ఉంటే అది పోయింది. అన్నీ బాగున్నా వేడి రాకపోతే బోర్డు మీది రిలే, లేదా మోటారులోని స్విచ్చు. బోర్డును మాత్రం చివరన అనుమానించండి. మొదటే ‘బోర్డు పోయిందండీ’ అనేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే దానికి బిల్లు పెద్దది.

‘డైరెక్ట్ చేసేశా’

ఇక్కడే అసలు సంగతి. థర్మల్ ఫ్యూజు కాలిపోయిందని తేలింది. చిన్న భాగం. తిరువూరులో దొరకదు, విజయవాడ నుంచి తెప్పించాలి, రెండు రోజులు పడుతుంది. ఇంటాయన ‘‘ఇప్పుడెలాగబ్బా, రేపు పెళ్లికి వెళ్లాలి’’ అంటున్నాడు. షాపులో సీనియర్ అన్న ఫోనులో చెబుతాడు: ‘‘ఏముందిరా, రెండు వైర్లు కలిపి డైరెక్ట్ చేసెయ్.’’

డైరెక్ట్ చేస్తే మెషీను నిమిషంలో వేడెక్కుతుంది. ఇంటాయన సంతోషిస్తాడు. డబ్బులిస్తాడు. మీరు మంచి మెకానిక్ అని పక్కింటికీ చెబుతాడు.

చేయొద్దు. ఫ్యూజు నేరస్థుడు కాదు, సాక్షి. ‘లోపల హద్దు దాటి వేడెక్కింది’ అని చెప్పడానికే అది కాలిపోయింది. ఎందుకు వేడెక్కింది? చాలాసార్లు కారణం నూగే. ప్రతి ఉతుకులో బట్టల నుంచి రాలే సన్నటి పీచు జల్లెడలో, పైపులో పేరుకుంటుంది. గాలి పారదు. గాలి పారకపోతే కాయిల్ వేడిని మోసుకెళ్లేవాళ్లు లేరు, ఆ పెట్టెలోనే వేడి కుమ్ముకుంటుంది. ముందు థర్మోస్టాట్ పదే పదే తెంచి కలుపుతూ అలిసిపోతుంది. చివరికి ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజును తీసి వైరు కలిపితే, నిప్పుకి, ఎండిన నూగు కుప్పకి మధ్య ఉన్న ఆఖరి అడ్డును మీరే తీసినట్టు. నూగు ఎంత త్వరగా అంటుకుంటుందో దీపం వత్తి చేసే పత్తిని అడగండి.

అమెరికా అగ్నిమాపక యంత్రాంగం 2008-2010 సంవత్సరాలకు వేసిన లెక్క ప్రకారం అక్కడి ఇళ్లలో ఏడాదికి దాదాపు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయి. కారణాల్లో మొదటి స్థానం లోపభూయిష్టమైన వైర్లది కాదు, శుభ్రం చేయకపోవడానిది.

కాబట్టి ఫ్యూజు దొరికేదాకా మెషీను ఆపేసి రండి. ‘‘రెండు రోజులు ఆగండి. ఈలోగా బట్టలు డాబా మీద ఆరేసుకోండి’’ అనండి. మాట పడొచ్చు. ఇంకొకడొచ్చి డైరెక్ట్ చేసి మీ బేరం తన్నుకుపోవచ్చు కూడా. అది నిజమైన నష్టమే, లేదని నేననను. ఫ్యూజు వచ్చాక మాత్రం ముందు పైపు విప్పి నూగంతా తీయండి, ఫ్యాను రెక్కలు చూడండి, జల్లెడ కడిగి ఆరబెట్టండి, ఆ తర్వాతే కొత్తది బిగించండి. వరస తిరగేస్తే కొత్త ఫ్యూజు కూడా వారంలో పోతుంది.

గీజర్‌లోనూ ఇదే కథ. అక్కడ నూగు బదులు సున్నం. ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్లు కాగినకొద్దీ కాయిల్ చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. వేడి నీళ్లలోకి పోక కాయిల్‌లోనే నిలిచిపోతుంది, కాయిల్ పగులుతుంది లేదా కటౌట్ తెగుతుంది. కటౌట్ మీద ఎర్ర బొత్తాం నొక్కి వచ్చేసేవాడు ఒకడు, పెచ్చు గీకి వచ్చేవాడు ఇంకొకడు. చలికాలం రెండు నెలలు ఏ షాపులోనైనా కూర్చుంటే ఈ తేడా కళ్లారా చూస్తారు. పాడైపోయిన గీజర్ ఒకటి అడిగి తెచ్చుకుని ఇంట్లో విప్పి బిగించండి. డ్రయ్యర్‌కు ప్రాక్టికల్స్ అయిపోయినట్టే.

దారులు ఎటు?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. గృహోపకరణాల మీదే ఆసక్తి ఉంటే మెకానిక్ కన్స్యూమర్ ఎలక్ట్రానిక్ అప్లయన్సెస్ అనే ట్రేడూ ఉంది. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ పరిధిలో ఫీల్డ్ టెక్నీషియన్ స్వల్పకాలిక కోర్సులున్నాయి, వాటిలో వాషింగ్ మెషీన్లు, గీజర్లు వగైరా నేర్పుతారు. మన రాష్ట్రంలో ఇలాంటి శిక్షణల వివరాలకు ఏపీ స్టేట్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ప్రకటనలు చూస్తుండండి.

డిగ్రీ, డిప్లొమావాళ్లు అప్రెంటిస్‌షిప్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద డిప్లొమా, ఇంజినీరింగ్ పూర్తయినవాళ్లకు నాట్స్, ఐటీఐవాళ్లకు నాప్స్ పోర్టళ్లున్నాయి. దక్షిణాది రాష్ట్రాల డిప్లొమా, డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లను చెన్నైలోని బోర్డు చూస్తుంది. స్టైపెండు తక్కువే. కానీ ఏడాదిలో చేతిలోంచి వెళ్లే మెషీన్ల సంఖ్య ఏ కాలేజీ ల్యాబూ ఇవ్వలేదు.

ఇంకో మాట. కొత్తగా వస్తున్న హీట్ పంప్ డ్రయ్యర్లలో ఈ కాయిల్ ఉండదు. ఏసీని తిరగేసినట్టు కంప్రెసరు, గ్యాసు వేడిని పుట్టిస్తాయి. అంటే ‘వేడి రావట్లేదు’ అన్న ఫిర్యాదు రేపు ఏసీ మెకానిక్ దగ్గరకూ వెళ్తుంది. రెఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడులో ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. కంపెనీ విడిభాగాలు, రిపేరు సమాచారం వినియోగదారుకు అందాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మీకు కావాల్సిన మాన్యువల్ అక్కడ ఉందేమో ఒకసారి వెతకండి.

ఇంటర్వ్యూలో ‘హీటర్ వేడెక్కట్లేదు, ఏం చేస్తావు?’ అని అడిగితే కాయిల్ మారుస్తానని మొదలుపెట్టకండి. ‘మొదట కస్టమర్‌ను రెండు ప్రశ్నలు అడుగుతానండి’ అని మొదలుపెట్టండి. అవతలివాళ్లు కుర్చీలో ముందుకు వంగుతారు. ‘ఫ్యూజు పోయింది, స్పేరు లేదు, కస్టమర్ ఒత్తిడి చేస్తున్నాడు’ అని ఇరికించే ప్రశ్న కూడా రావచ్చు. జవాబు మీ దగ్గరుంది.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. పైపు శుభ్రం చేశారు, కొత్త ఫ్యూజు బిగించారు, మూత వేశారు. ప్లగ్గు పెట్టి, క్లాంప్ మీటరును ఒక్క ఫేజు వైరు చుట్టూ బిగించి చూడండి. రెండు వైర్లూ కలిపి బిగిస్తే సున్నా చూపిస్తుంది, కంగారుపడొద్దు. 2000 వాట్ల కాయిల్‌కు మోటారు కరెంటుతో కలిపి 9 ఆంపియర్లకు అటూ ఇటూ రావాలి. పది నిమిషాలు నడవనిచ్చి, బయటి పైపు దగ్గర చెయ్యి పెట్టి గాలి ధాటిగా వస్తోందో లేదో చూడండి. చీటీ మీద ‘ఫ్యూజు మార్చాను’ అని మాత్రమే రాయకండి. పైపులోంచి ఎంత నూగు తీశారో, వోల్టేజీ ఎంతుందో, ఎన్ని ఆంపియర్లు వచ్చాయో, తేదీతో సహా రాసి కింద సంతకం పెట్టండి. తీసిన నూగును కవర్లో వేసి ఇంటావిడకు చూపించండి. జల్లెడ ప్రతిసారీ ఎలా దులపాలో ఆవిడతోనే ఒకసారి చేయించి, అప్పుడు బండి తీయండి.